ఆట లేని కీలు

సోమవారం ఉదయం ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరినీ ఒకే ప్రశ్న అడుగుతారు. డిజైన్ గదిలో పనిచేసేవాళ్ళనైతే పక్కకి నిలబెట్టి, ముఖంలోకి చూసి మరీ అడుగుతారు.

"బయట ఎవరితోనైనా పని గురించి మాట్లాడారా?"

"లేదు" అనాలి. అని లోపలికి పోవాలి. ఇన్నేళ్ళలో "మాట్లాడాను" అన్నవాడు ఒక్కడూ లేడు. అయినా అడగడం మానరు. నిజం తెలుసుకోవడానికైతే ఎప్పుడో మానేసేవాళ్ళు. వారానికోసారి మనిషి తన నోటికి తనే తాళం వేసుకుంటున్న చప్పుడు వినడం వాళ్ళకి అవసరం.

అడిగే జవాను మాత్రం మంచివాడు. కాళ్ళు వాచిపోయి, బూట్ల లేసులు సగం వదిలేసి నిలబడతాడు.

"కుర్చీ ఒకటి పడేయమని ఎన్నిసార్లు చెప్పుకున్నా వినరమ్మా. కూర్చుంటే నిద్రపోతానంట. నిలబడి నిద్రపోవడం నాకెప్పుడో వచ్చేసింది, ఆ సంగతి వాళ్ళకి తెలీదు. సరే, బయట ఎవరితోనైనా పని గురించి మాట్లాడారా?"

"లేదు" అంటుంది మడతక్క.

అది ఆమె పేరు కాదు. కానీ ఆ ఫ్యాక్టరీలో లేతు మిషన్ల వాళ్ళ నుంచి క్యాంటీను గిన్నెలు కడిగేవాళ్ళ దాకా ఆమెని అందరూ అలాగే పిలుస్తారు. ఒక మడత కనిపెట్టినందుకు వచ్చిన పేరు. ఆ మడత గురించి ఆమె ఇంట్లో కూడా నోరు విప్పకూడదు గాని, పేరుగా మాత్రం దాన్ని రోజంతా మోయొచ్చు.

ఆమె అక్కడ చేరినప్పుడు అది కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ. డ్రాయింగు చదువు పూర్తి చేసి, తొక్కుడు మిషను పెడలు చప్పుడు కాకుండా తిరగడానికి ఏం చేయాలో ఆలోచించే ఉద్యోగంలో చేరింది. కొన్నేళ్ళకి కుట్టుమిషన్లు అమ్ముడుపోవడం తగ్గింది. ఒక సెలవు తర్వాత వచ్చి చూస్తే గేటు పైన బోర్డుకి తెల్లరంగు పూసేశారు. కొత్త పేరు రాయలేదు. ఇప్పటికీ అది తెల్లగానే ఉంది. లోపల రైఫిళ్ళు చేయడం మొదలైంది. ఆమెనెవరూ అడగలేదు. బల్ల అదే, దీపం అదే, పక్క సీటువాడి దగ్గు అదే. బల్ల మీద కాగితం మాత్రం మారింది.

మానేయొచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. బయట నిలబడి అడగడం తేలిక. మడతక్క వాళ్ళు ఉంటున్న ఇల్లు ఫ్యాక్టరీది. భర్త అదే ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో గొట్టాల్లోకి ఒంటికన్నుతో చూసే ఉద్యోగి. ఒకరు మానేస్తే ఇద్దరూ మానేసినట్టే, ఇల్లు కూడా వాళ్ళని మానేసినట్టే. పైగా ఆ గదిలో పనిచేసిన మనిషి బయటికొస్తే ఇంకే వర్క్‌షాపూ తీసుకోదు. ఏం తెలుసో చెప్పలేని పనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

అసలు ఆ మడత ఏమిటో చెప్పాలి.

ఫ్యాక్టరీ వాళ్ళకి కావలసింది పొట్టి రైఫిల్. గబగబా పేల్చే రకం కాదు. ఒక్కో గుండుకీ చేత్తో బోల్టు ఎత్తి, వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసే రకం. దూరం నుంచి, తొందర లేకుండా, ఒకే గురి, ఒకే గుండు. ఇలాంటివి మామూలుగా పొడుగ్గా ఉంటాయి. వీళ్ళకి మాత్రం భుజాన వేసుకునే సంచిలో పట్టాలి. ఇరుకు మెట్లు ఎక్కేటప్పుడు గోడకి తగలకూడదు. చూసినవాళ్ళకి ఆ మనిషి సాయంత్రం ఆటకి వెళ్తున్నట్టుండాలి. గొట్టాన్ని తగ్గించారు, చాల్లేదు. ఇక భుజానికి ఆనించే వెనక భాగాన్ని పక్కకి మడవడం ఒక్కటే దారి.

మడవాలంటే కీలు ఉండాలి. కీలు ఉంటే ఆట ఉంటుంది. కంటికి కనిపించీ కనిపించనంత కదలికని పనివాళ్ళు ఆట అంటారు. తలుపు కీలుకి ఆట ఉంటే కిర్రుమంటుంది, అంతే. చెంప ఆనించి గురి చూసేచోట వెంట్రుకంత ఆట ఉన్నా, అవతల గుండు జానెడు పక్కకి పోతుంది. అలా పోతే ఎవరు బతుకుతారో, పోకపోతే ఎవరు చస్తారో డ్రాయింగులో ఎక్కడా ఉండదు. డ్రాయింగులో ఉండేది ఆట ఒక్కటే. దాన్ని తీసేయాలి.

గదిలో పెద్ద చదువుల వాళ్ళు బాగానే తలలు పట్టుకున్నారు. మడతక్క కూడా పట్టుకుంది. చివరికి ఆమెకి తట్టింది తట్టినట్టు గీసింది. ఆ కీలు మీద ఒక చీల, అంటే ఒక చివర లావు, ఇంకో చివర సన్నం ఉండే చిన్న ఇనుప ముక్క. పై నుంచి దిగి, కీలుని పట్టేస్తుంది. బరువు పడేకొద్దీ ఇంకాస్త దిగుతుంది. అరిగితే, అరిగినంత మేరా తనే దిగి బిగుసుకుంటుంది. బొటనవేలితో పైకెత్తితే మడత పడుతుంది.

నమూనా చెక్కతో చేశారు. గీసినవాళ్ళే దాన్ని ముందు చూడడం ఆ గదిలో అలవాటు. మడతక్క చీర కుచ్చిళ్ళు ఒత్తిపట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది, చెంప ఆనించింది. ఒకడు పెన్సిలుతో ఆమె చెంప ఆనినచోట గీత గీశాడు. ఆ గీతే ఖాయమైంది. ఈరోజు ఆ రైఫిల్‌ని ఎక్కడ, ఎవడు పట్టుకున్నా వాడి చెంప ఆమె చెంప ఉన్నచోటే ఉంటుంది. ఈ సంగతి తలుచుకున్న రోజు ఆమెకి అన్నం సహించదు. తలుచుకోకుండా ఉండడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఆ చీల ఆమెకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాళ్ళ నాన్న మడత కుర్చీలు చేసేవాడు. సభలకీ, పెళ్ళిళ్ళకీ కుర్చీలు అద్దెకిచ్చే కొట్లవాళ్ళు ఆయన దగ్గరే చేయించుకునేవాళ్ళు, ఎందుకంటే ఆయన కుర్చీ ఊగేది కాదు. కీలు దగ్గర చెక్క చీల పెట్టేవాడు. లావుపాటి మనిషి కూర్చుంటే ఇంకా గట్టిపడే కుర్చీ అది. "నా కుర్చీకి బక్కవాళ్ళంటే పడదు" అని నవ్వేవాడు. పనిలో పిల్లలిద్దరూ సాయం. కూతురు ఆయన పక్కన కూర్చుని చీల చెక్కేది. కొడుకు తయారైన కుర్చీల్ని తలకిందులుగా తిప్పి తోపుడుబండి మీద పేర్చేవాడు. తలకిందులుగా అయితే ఎక్కువ పడతాయి.

ఆ కొడుకే ఇప్పుడు మంగలి. ఒకరి సెలూన్‌లో ఒక కుర్చీ అద్దెకి తీసుకుని పనిచేసుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట బస్సు దిగుతుంటే వెనక బస్సు ఆగలేదు. ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రి వెనక షెడ్డులో కాళ్ళు చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడు. అక్కడ కాలు ఒకటి పెట్టించుకున్నాడు. నిలబడితే మోకాలు తాళం పడుతుంది, కూర్చునేటప్పుడు నొక్కితే వంగుతుంది. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. తర్వాత ఆ తాళంలో ఆట వచ్చింది.

మంగలికి మోకాలు కదిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అతని చేతిలో కత్తి, కత్తి కింద ఇంకొకరి గొంతు.

"ఒకాయన అడిగాడక్కా, ఏం బాబూ కత్తి ఊగుతోందీ అని. కత్తి ఊగట్లేదు సార్, నేను ఊగుతున్నా, కత్తి నాతోపాటు వస్తోంది అన్నా" అని చెప్పాడు తమ్ముడు, ఆమె ఇంటి వంటగది గుమ్మంలో కూర్చుని.

"నవ్వాడా?"

"సగం గడ్డంతో లేచి వెళ్ళిపోయాడు. తువ్వాలు కూడా నాదే."

తర్వాత ఒకరి చెవి తమ్మె తెగింది. సెలూన్ యజమాని చెడ్డవాడు కాదు, కానీ వచ్చే జనం తగ్గితే ఎవరైనా ఒకటే మాట మాట్లాడతారు. ఈ నెలాఖరుకి కాలు సరిచేయించుకో, లేకపోతే కుర్చీ ఇంకొకరికి ఇస్తానన్నాడు. కూర్చుని చేసే పని చూసుకోమని సలహా కూడా ఇచ్చాడు. కూర్చుని గడ్డం గీయించుకోవచ్చు గాని, కూర్చుని గీయడం ఎక్కడా లేదు. తమ్ముడికి వచ్చిన పని అదొక్కటే.

మడతక్క తమ్ముణ్ణి తీసుకుని కాళ్ళ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. షెడ్డు గోడ పొడుగునా కాళ్ళు వేలాడుతున్నాయి. బయట బెంచీ మీద జనం. మేస్త్రి తాళం విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు.

"అరుగుతుంది తల్లీ. నేను కొత్తది వేస్తా, మళ్ళీ అరుగుతుంది. ఆ బెంచీ మీద సగంమంది దీనికోసమే వస్తారు. అరిగినా వదులవ్వని తాళం ఎవడైనా చేస్తే వాడి కాళ్ళు మొక్కుతా. నేను చేసిన కాళ్ళైనా సరే, మొక్కుతా."

ఆమె ఆ ముక్కని తిప్పి చూసింది. ఎక్కడ ఏం పెట్టాలో ఆమెకి ఒక్క చూపులో తెలిసిపోయింది. పక్కనే మేస్త్రి చెవి వెనక పెన్సిలు ఉంది. చేయి చాచితే అందుతుంది. ఆమె ముక్కని బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ సంచిలోకి దోపుకుంది. దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా.

మర్నాడు డిజైన్ గది పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, మా తమ్ముడి మోకాలికి మన కీలు పనికొస్తుంది. రైఫిల్ బొమ్మ ఇవ్వను, కొలతలివ్వను. చీల ఎలా దిగుతుందో మాత్రం ఆసుపత్రి షెడ్డులో కాళ్ళు చేసే మేస్త్రికి చెప్తా."

పెద్దాయన లేచి తలుపు వేశాడు.

"మన కీలు అన్నావు. మన అంటే ఎవరమ్మా?"

"గీసింది నేనే కదా సార్."

"గీసింది నువ్వు. కీలు ఫ్యాక్టరీది. రేపు రాత్రి నీకు కలొచ్చి, ఆ కలలో ఒక కీలు కనిపిస్తే అదీ ఫ్యాక్టరీదే. చేరినప్పుడు ఒప్పుకున్నాం. నువ్వూ ఒప్పుకున్నావు, నేనూ ఒప్పుకున్నా."

"అది మా నాన్న కుర్చీలో ఉండేది సార్. మీరూ నేనూ ఇక్కడికి రాకముందు సంగతి."

ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు. "అలాంటి కుర్చీ ఒకటుంటే పట్టుకురా. ఇది మనకంటే ముందుదని తేలితే ఎవరు కాదంటారు? లా ఆఫీసరుతో నేనే మాట్లాడతా."

మనస్ఫూర్తిగానే అన్నాడు. మంచి మనసుతో చెప్పిన సలహాలు మనుషుల్ని ఎక్కడికి తీసుకెళ్తాయో ఆయనకి తెలియదు, ఆమెకీ తెలియదు.

కుర్చీల కొట్లన్నీ ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలతో నిండిపోయాయి. ఒకదాంట్లో ఒకటి దూరి, పైకప్పు దాకా నిలబడి ఉన్నాయి. చెక్కవి అడిగితే నవ్వారు. ఒక కొట్టులో యజమానురాలు మాత్రం కాసేపు తల గోక్కుంది.

"అవి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయమ్మా. ఉండు, అటక మీద ఒకటుండాలి. మా అత్తగారు కూర్చునేది. ఆవిడ పోయింది గాని ఆ కుర్చీ పోలేదు. ఆవిడ బరువునే ఓర్చుకుంది పాపం, పారెయ్యడానికి మనసొప్పలేదు."

దించారు. దుమ్ము కింద చెక్క నల్లగా ఉంది. మడతక్క బొటనవేలితో చీల ఎత్తి విప్పింది, తెరిచింది, కూర్చుంది, అటూ ఇటూ ఊగి చూసింది. కుర్చీ ఊగలేదు. ఆమె మాత్రం ముఖం పక్కకి తిప్పుకుంది.

"నాన్నగారు చేసిందా? అయితే తీసుకుపో. ఆ ముసలావిడ నా కలలోకొచ్చి అడిగితే నీ పేరు చెప్తా" అంది యజమానురాలు.

ఆ కుర్చీని బస్సులో తెచ్చుకుంది. సీటు దొరక్కపోతే దాన్నే విప్పుకుని మధ్యలో కూర్చుంది. కండక్టరు టికెట్ ఇస్తూ "సొంత సీటు తెచ్చుకున్నవాళ్ళకి తగ్గింపు లేదమ్మా" అన్నాడు. ఆమె అంత పెద్దగా నవ్వి చాలా ఏళ్ళయింది.

భర్త నవ్వలేదు. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ని లోపలికి తీసుకెళ్ళకు."

"పెద్దాయనే తెమ్మన్నారండీ."

"ఆయన తెమ్మంటారు. నేనక్కడ ఎన్నేళ్ళుగా చూస్తున్నా. బయట వస్తువు లోపలికి పోవడమే చూశా. లోపలికి పోయింది మళ్ళీ బయటికి రావడం ఎప్పుడూ చూళ్ళేదు."

"అయితే వాడు అలాగే ఊగుతూ ఉండాలా?"

"నేనేమన్నా వద్దన్నానా? నాకూ బావమరిదే. కానీ మనిద్దరం రోడ్డున పడితే వాణ్ణి నిలబెట్టేదెవరో అది కూడా చెప్పు."

అయినా తీసుకెళ్ళింది.

లా ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్థుడు. టీ తెప్పించాడు. కుర్చీ విప్పాడు, మడిచాడు, మళ్ళీ విప్పి కూర్చున్నాడు. మీ నాన్నగారు గొప్ప పనిమంతుడు మేడం అన్నాడు. ఆమె టీ గ్లాసు అందుకుంది. అప్పుడు అడిగాడు.

"ఇలాంటివి బయట ఇంకా ఉన్నాయా?"

"తెలీదు సార్. చాలానే చేశాడు."

"అయితే వెతికించాలి." కుర్చీలోంచి లేచి దాన్ని మడిచాడు. "ఇది బయట తిరుగుతుంటే మన కీలు ఎవరైనా అర్థం చేసుకోవచ్చు కదా. మీరే నిజాయితీగా తెచ్చిచ్చారు. ఆ మాట పైవాళ్ళకి చెప్తాను."

"మరి మా తమ్ముడు..."

"అదీ చెప్తున్నా మేడం. ఆ కాళ్ళ షెడ్డులో రేపు ఇలాంటి చీల కనిపిస్తే, ఎక్కడి నుంచి వచ్చిందని మేం అడగాల్సొస్తుంది. మిమ్మల్నీ అడగాలి, మీవారినీ అడగాలి. అంతదాకా రానివ్వకండి."

బల్ల సొరుగులోంచి ఒక ఎర్ర అట్టముక్క తీసి, దారంతో కుర్చీ కాలికి కట్టాడు. దాని మీద 'రహస్యం' అని అచ్చేసి ఉంది. ఇద్దరు మనుషులొచ్చి కుర్చీని స్టోర్‌కి మోసుకెళ్ళారు. పెళ్ళిళ్ళలో, సభల్లో ఊరంతా కూర్చుని లేచిన కుర్చీ ఆ పూట నుంచి రహస్యమైపోయింది. ఒక మనిషి తండ్రి దగ్గర నేర్చుకున్నది ఆ మనిషిది కాకుండా పోవడానికి అర గ్లాసు టీ తాగేంత సేపు పట్టింది.

నడవాలో పెద్దాయన ఆమె వైపు చూడకుండా, "నువ్వు నన్ను అడగకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. అడిగితే అడిగిందన్న తప్పు, అడక్కపోతే దొంగ అన్న తప్పు. ఆ రెండూ తప్ప ఆమెకి మూడోది మిగల్చలేదు.

తమ్ముడితో ఒకే మాట చెప్పింది. "కుదర్లేదురా."

మంగలివాళ్ళకి సగం మాట చాలు. రోజంతా సగం మాటలు వినే పని వాళ్ళది.

"నువ్వేం చెప్పకు. నాన్న కుర్చీలు నేను మొయ్యలేదా? ఎన్నిసార్లు ఆ చీల నా వేలు నొక్కేసింది. నేను చూసింది నాది. నేనెవరికీ ఏదీ ఒప్పుకోలేదు. మేస్త్రికి నేనే చెప్తా."

"ఒరేయ్, నాకేం వినపడలేదు."

"వినపడకూడదనే గొణిగాను."

వారం తిరక్కముందే కబురొచ్చింది. మేస్త్రి కీలు చేసేశాడట. 'ఊరికే వచ్చి కూర్చో, నోరు విప్పకు' అని తమ్ముడు ఫోన్ చేశాడు. నెలాఖరు దగ్గర పడింది. మర్నాటి నుంచి పనిలోకి వస్తానని సెలూన్ యజమానికి చెప్పేశాడు కూడా.

మడతక్క వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. పక్కన చంకకర్రలు పట్టుకున్న ఒక పెద్దావిడ. ఆవిడ పక్కన నడివయసు మనిషి, లుంగీ ఒక వైపు ఖాళీగా వేలాడుతోంది.

"మీకెవరికమ్మా?" అన్నాడతను.

"తమ్ముడికి. బస్సు."

"ఈవిడకి షుగరు. నాకు తూటా."

అతనే చెప్పాడు. "డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్నా. ఎవరూ లేరు చుట్టుపక్కల. ముందు కాలు పోయింది, చప్పుడు తర్వాత వినపడింది. ఎవరికోసం పేల్చారో, నాకెందుకు తగిలిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు."

చప్పుడు తర్వాత వినపడిందంటే ఎంత దూరమో ఆమెకి తెలుసు. ఆ దూరం నుంచి ఎలాంటిది పేలుతుందో తెలుసు. ఏ సంవత్సరం అని అడగాలని నోటిదాకా వచ్చింది. జవాబు భరించలేనని తెలిసి మింగేసింది. చెంప మీద చేయి పెట్టుకుని కూర్చుంది.

లోపల తమ్ముడు కొత్త మోకాలితో నిలబడ్డాడు. మేస్త్రి అతని భుజం పట్టి కుదిపాడు. కదల్లేదు. "చూశారా, రాయిలా ఉంది" అన్నాడు మేస్త్రి. బెంచీ మీదవాళ్ళంతా మెడలు చాచారు. తమ్ముడు ప్యాంటు పైకి మడిచి, తలుపు దాకా నడిచొచ్చి, అక్క ముందు నిలబడ్డాడు.

మడతక్క కీలు వైపు చూసింది. చీల తలకిందులుగా ఉంది.

లావు చివర కిందికి, సన్న చివర పైకి. ఎందుకలా పెట్టించాడో ఆమెకి వెంటనే అర్థమైంది. నాన్న పక్కన కూర్చున్నది తను. వాడు చూసిన కుర్చీలన్నీ తోపుడుబండి మీద కాళ్ళు పైకెత్తుకుని ఉన్నవే. వాడి జ్ఞాపకంలో కుర్చీ ఎప్పుడూ బోర్లా పడే ఉంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు, మేస్త్రి చెప్పింది చెప్పినట్టే చేశాడు.

ఇప్పుడు నిలబడుతుంది. అదే ఘోరం. కొత్త ఇనుము కాబట్టి పట్టేసి ఉంటుంది. కానీ అడుగడుగుకీ బరువు పడి చీల పైకి జరుగుతుంది. పాత తాళం కొంచెం కొంచెంగా వదులైంది, ముందే తెలిసేది. ఇది చివరి దాకా గట్టిగా ఉండి, ఒక్కసారిగా ఊడిపోతుంది. ఆ క్షణంలో వాడి చేతిలో కత్తి ఉంటుంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు తమ్ముడు. అనకూడదని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

ఆమె చేతులు తొడల కింద పెట్టుకుంది. లా ఆఫీసరు మొహం కనిపించింది. భర్త మొహం కనిపించింది. వంటగది కనిపించింది, ఆ గోడలు, ఆ గుమ్మం, తమ్ముడు కూర్చునే చోటు. పక్క మనిషి ఆమెనే చూస్తున్నాడు.

"బాగోలేదా అక్కా?" ఈసారి తమ్ముడి గొంతు తగ్గింది.

ఆమె లేచింది. తమ్ముణ్ణి భుజం పట్టి స్టూలు మీద కూలేసింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మేస్త్రి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది. కీలుకున్న పట్టీ విప్పింది. దాన్ని చీలతో సహా తలకిందులు చేసింది, తమ్ముడు ఒకప్పుడు కుర్చీల్ని తిప్పినట్టే. మళ్ళీ బిగించింది. బొటనవేలితో చీలని పైకెత్తి వదిలింది. అది తన బరువుతో తనే దిగి, చిన్న చప్పుడు చేసి కూర్చుంది. నాన్న షెడ్డులో వినపడే చప్పుడు. డిజైన్ గదిలో వినపడే చప్పుడు కూడా అదే.

ఒక్క మాట మాట్లాడలేదు. స్క్రూడ్రైవర్ మేస్త్రి చేతిలో పెట్టింది.

మేస్త్రి చీలని చూశాడు, ఆమెని చూశాడు. మెల్లిగా నుదురు కొట్టుకున్నాడు. తమ్ముడు లేచి నిలబడి, మంచి కాలు నేల మీంచి ఎత్తి, ఆ ఒక్క మోకాలి మీదే తన బరువంతా మోపాడు. కళ్ళు మూసుకుని గాల్లో ఎవరిదో గడ్డం గీస్తున్నట్టు చేయి తిప్పాడు. చేయి వణకలేదు.

పెద్దావిడే ముందు అంది.

"నువ్వేం బెంగపడకమ్మా. మేమేం చూళ్ళేదు. కాళ్ళు పోయినవాళ్ళం, కళ్ళు కూడా పోయాయనుకో."

తూటా తగిలిన మనిషి మాత్రం ఆమె చేతుల్నే చూస్తున్నాడు. మేస్త్రి టేపు తీసుకుని అతని ముందు కూర్చుని, ఖాళీ లుంగీ పక్కకి జరిపి కొలత తీయడం మొదలుపెట్టాడు. ఒకటి కాదు, ఇక ఆ బెంచీ అంతా అదే కీలు. మడతక్క చూసింది. ఆపమని అనలేదు. కానివ్వమనీ అనలేదు. ఆ షెడ్డుకి ఎవరైనా తనిఖీకి వచ్చేదాకా తన ఇల్లు నిలబడుతుంది, అంతే. ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పరు. చప్పుడు తర్వాతే వినపడుతుంది.

సోమవారం ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి జవాను కూర్చుని ఉన్నాడు.

ఆమె నడక ఆగిపోయింది. నాన్న కుర్చీ. రోడ్డుకి ఎదురుగా, గేటు పక్కన, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేలా వేసి ఉంది. కాలికి కట్టిన ఎర్ర అట్టముక్క గాలికి తిరుగుతోంది.

"స్టోర్‌లో మూల పడి ఉంటే అడిగి తెచ్చుకున్నామ్మా. ఎవరూ వద్దన్లేదు" అన్నాడు జవాను, బూట్లు రెండూ ముందుకి చాపి. "ఏ మహానుభావుడు చేశాడో గాని, చూడు, నేనింత మనిషిని కూర్చున్నా కిర్రు లేదు, ఊగు లేదు. దీని మీద నిద్రపోతే తప్పు నాది కాదు."

"బాగుంది" అంది మడతక్క.

ఆమె వెనక వరుస పెరుగుతోంది. భర్త నాలుగు అడుగుల వెనక నిలబడి నేల చూస్తున్నాడు. లోపల ఆమె బల్ల మీద కొత్త కాగితం పరిచి ఉంటుంది. ఆ రైఫిల్‌ని ఇంకా పొట్టి చేయమంటున్నారు.

జవాను గొంతు సవరించుకున్నాడు. "సరే, అడగాలి కదా. బయట ఎవరితోనైనా పని గురించి మాట్లాడారా?"

"లేదు."

నిజమే చెప్పింది. ఒక్క మాటా మాట్లాడలేదు. జవాను తృప్తిగా వెనక్కి వాలాడు. అతని బరువుకి కుర్చీలో చీల ఇంకాస్త దిగింది. ఆ చప్పుడు విన్నది ఆమె ఒక్కతే. విని, లోపలికి వెళ్ళింది.